కాలి కింద విరిగిన చరియ: ఒక చలికాలపు ట్రెక్కు కేస్ స్టడీ

పేర్లు, సంవత్సరం, లోయ పేరు తీసేశాను. వయసులూ ఉద్యోగాలూ కొన్ని మార్చాను. బృందంలోని ఎనిమిది మందికీ ఇది చదివి వినిపించాను, అందరూ సరేనన్నారు. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు, ఒకరి మోకాలు మాత్రం దెబ్బతింది. పన్నెండేళ్ళుగా మనుషుల్ని మంచుకొండలకు తీసుకుపోతున్నాను. చేసిన తప్పు, ఆ తప్పు చేసేటప్పుడు నా బుర్రలో నడిచిన లెక్క, రెండూ వివరంగా రాసి పెట్టాలనిపించిన ప్రయాణం ఇదొక్కటే.

నేపథ్యం

మాది తిరుపతి. ఉత్తరాఖండ్‌లో పర్వతారోహణ బేసిక్, అడ్వాన్స్ కోర్సులు చేశాను. వానలు తగ్గాక అటవీ శాఖ అనుమతి ఉన్న దారుల్లో తలకోన వైపు నడకలు పెడతాను. ఫిబ్రవరిలో ఒక బృందాన్ని ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ కొండలకు తీసుకుపోతాను. ఆ ఏడు వచ్చినవాళ్ళు: ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక హైస్కూలు టీచరమ్మ, రిటైరైన ఒక పెద్దాయన, చిత్తూరు నుంచి భార్యాభర్తలు, ముగ్గురు ఇంజనీరింగు కుర్రాళ్ళు.

కాళ్ళ సంగతిలో నాకు బెంగ లేదు. మూడు నెలలపాటు వారానికి రెండుసార్లు అలిపిరి 3,550 మెట్లు, ఆదివారాలు శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, వీపున ఎనిమిది కిలోల బ్యాగుతో ఎక్కించాను. పెద్దాయన ఇరవై ఏళ్ళుగా ప్రతి శనివారం కొండకు నడిచేవాడు. మోకాళ్ళ పర్వతం దగ్గర కుర్రాళ్ళు ఆయాసపడుతుంటే ఆయన ముందుపోయి, మెట్టు మీద కూర్చుని వాళ్ళకోసం చూస్తుండేవాడు.

మంచు గురించి మాత్రం ఒక్క ఆదివారం సాయంత్రం మా మిద్దె మీద రెండు గంటల క్లాసు చెప్పాను. స్లైడ్లు వేశాను. బీకన్, ప్రోబ్, పార మూడూ చూపించాను. బీకన్ అంటే ఛాతీకి కట్టుకునే చిన్న రేడియో పరికరం. 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపుతూ ఉంటుంది. ఎవరైనా కూరుకుపోతే మిగతావాళ్ళు తమ బీకన్లను వెతికే మోడ్‌కు మార్చి, సిగ్నల్ పట్టుకుని పోతారు. ప్రోబ్ అనే పొడవాటి మడత కడ్డీతో మంచులో పొడిచి మనిషి ఎక్కడున్నాడో తేల్చుకుని, పారతో తవ్వుతారు. మన దగ్గర ట్రెక్కులకు పోయేవాళ్ళలో ఈ మూడూ పట్టుకుపోయేవాళ్ళు తక్కువ. అందరికీ బీకన్లు దొరికేదాకా నేను తేదీ ఖాయం చేయలేదు. ఆ ఒక్కటీ సరిగ్గా చేశాను.

ఆ క్లాసులో టీచరమ్మ 2022 అక్టోబరు 4 నాటి ప్రమాదం గురించి అడిగింది. ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా 2 శిఖరం దగ్గర శిక్షణలో ఉన్న పర్వతారోహకులు మంచు చరియలో చిక్కుకున్నారు. 27 మంది మృతదేహాలు దొరికాయి, ఇద్దరి ఆచూకీ దొరకలేదు. "అది 5,600 మీటర్లకు పైన ఉండే శిఖరం అక్కా, మనం పోయేది అంత ఎత్తుకు కాదు" అన్నాను. నేను చెప్పింది నిజమే. కానీ ఆమె అడిగినదానికి అది జవాబు కాదు. మంచు జారడానికి ఎంత ఎత్తున ఉన్నామన్నది కాదు, వాలు ఎంత, మంచులో పొరలు ఎలా పేరుకున్నాయి అన్నవే లెక్క. ఆ మాటతో ఆమె భయాన్ని పోగొట్టాననుకున్నాను. నిజానికి అడగాల్సిన ప్రశ్నను నోట్లోనే ఆపేశాను.

ఇంకో సంగతి. మన పత్రికలు ఈ ప్రమాదాలను 'మంచు చరియలు విరిగిపడి' అని రాస్తాయి. ఆ మాట వినగానే తిరుపతివాడికి ఘాట్ రోడ్డు గుర్తొస్తుంది. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూతపడింది, ఘాట్లలో బండలు జారాయి. మనకు చరియంటే పైనుంచి వచ్చి మీద పడేది. అందుకే తలెత్తి చూస్తాం. పైన బండ లేకపోతే ఊపిరి పీల్చుకుంటాం. మంచులోనూ పైనుంచి వచ్చేవి ఉన్నాయి. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ పక్కన మానాలో కంటైనర్లలో ఉంటున్న 54 మంది రోడ్డు పనివాళ్ళ మీదికి వచ్చింది అలాంటిదే, ఎనిమిది మంది పోయారు. కానీ సరదాగా కొండకు పోయేవాళ్ళను మింగే చరియలు ఎక్కువ భాగం వాళ్ళ బరువుకే, వాళ్ళలో ఒకరి కాలి కిందే విరుగుతాయి. గట్టిపడిన పై పొర ఒక పలకలా ఉంటుంది, దాని కింద పట్టులేని పొర ఒకటి ఉంటుంది. మనిషి అడుగు పడగానే కింది పొర కుంగి, పై పలక మొత్తం ఒక్కసారిగా ఊడి జారుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. ఆ మిద్దె మీద చెప్పాను కూడా. ఎనిమిది మందిలో ఒక్కరికీ గుర్తులేదని తర్వాత తేలింది.

సమస్య

ఆ చలికాలం డిసెంబరులో ఒకసారి మంచు పడింది. తర్వాత జనవరిలో మూడు వారాలు ఆకాశం తేటగా ఉండి, రాత్రుళ్ళు గడ్డకట్టే చలి. మామూలుగా చూస్తే మంచి రోజులే. కానీ నేల మీద ఉన్నది అర మీటరు మంచే. దాని అడుగు నేలకు ఆని సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, పైభాగం రాత్రి మైనస్ 12కు పోతుంది. అంటే ప్రతి 10 సెంటీమీటర్లకు రెండు డిగ్రీలకు పైగా తేడా. ఒక డిగ్రీ దాటితేనే అడుగు మంచులోని ఆవిరి పైకి కదిలి, రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోని పలుకులుగా మారిపోతాయి. పలచటి మంచు, పొడి చలి కలిశాయంటే అడుగున ఇలా పంచదారలాంటి పట్టులేని మంచు తయారవుతుంటుంది. పైకి మాత్రం ఏమీ కనపడదు.

మేము మొదటి క్యాంపు చేరిన రాత్రే పడమటి నుంచి తుపాను వచ్చింది. చలికాలంలో హిమాలయాలకు మంచు తెచ్చే ఈ తుపానులనే వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు. రెండు రోజులు టెంట్లలోనే ఉన్నాం. కొత్త మంచు 45 సెంటీమీటర్లు పడిందని కర్రతో కొలిచాను. నైరుతి గాలి గట్టిగా కొట్టింది. గాలి తగిలే వైపు ఉన్న మంచును ఊడ్చి, అవతలి వైపు, అంటే ఈశాన్యం చూసే వాలుల మీద పోస్తుంది. మా దారి ఈశాన్యపు వాలు మీదుగానే.

నాలుగో రోజు తెల్లారేసరికి ఆకాశం నీలంగా ఉంది. దేవదారుల మీద మంచు ఎండకు మెరుస్తోంది. అందరూ ఫోన్లు తీసి ఫొటోలు దిగుతున్నారు. రెండు రోజులు పోయాయి, ఢిల్లీ నుంచి రైలు టికెట్లు ఖాయమై ఉన్నాయి. "వాన నిలిచింది గదన్నా, ఇంగ పొయ్యేదే" అన్నాడొక కుర్రాడు. మనకు వాన నిలవడమే కబురు. మంచు కొండల్లో తుపాను వెలిసిన మొదటి తేటరోజు కంటే భయపడాల్సిన రోజు లేదు. కొత్త బరువు అప్పుడే మీద పడి ఉంటుంది, కింది పొర ఇంకా దానికి సర్దుకుని ఉండదు, మనుషులేమో ఎండ చూసి బయటికొస్తారు.

రెండో క్యాంపుకు పోవాలంటే ఒక చిన్న వాగు చీలికను అడ్డంగా దాటాలి. వెడల్పు 40 మీటర్లు ఉంటుందేమో. చెట్లు లేవు. అంచున ఉన్న చెట్లకు కూడా ఎగువ వైపు కొమ్మలు లేవు, దిగువ వైపే ఉన్నాయి. పైనుంచి పదేపదే మంచు జారి వాటిని విరిచేసిందని దానర్థం. ఎదుటి కొండ మీద తెల్లవారుజామున జారిన రెండు తాజా చరియల మచ్చలు కనిపిస్తున్నాయి. అడుగు వేస్తుంటే కొన్ని చోట్ల మంచు కింద బోలుగా, డప్పు మీద వేళ్ళతో తట్టినట్టు మోగుతోంది.

చీలికకు అడ్డంగా ఇద్దరో ముగ్గురో దాటిన అడుగుల గుర్తులు ఉన్నాయి.

మొదట నేను తీసుకున్న నిర్ణయం

అక్కడ ఐదు నిమిషాలు ఆగాను. బయలుదేరిన ఊళ్ళో సిగ్నల్ ఉన్నంతవరకు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వారి డీజీఆర్ఈ విభాగం ఇచ్చే మంచు చరియల హెచ్చరిక చూశాను, మా జిల్లాలో ఎత్తైన చోట్లకు జాగ్రత్త చెప్పారు. కొత్త మంచు, గాలి, తాజా చరియలు, బోలు మోత, అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. వాటిలో ఒక్కటి చాలు వెనక్కి తిరగడానికి.

నేను వేసుకున్న లెక్క ఇది. పెద్ద వాలు కాదు, 40 మీటర్లే. మనకంటే ముందు ఎవరో దాటారు, వాళ్ళకేమీ కాలేదు. స్థానిక గైడు పదిహేనేళ్ళుగా ఈ దారిన నడుస్తున్నవాడు, "హో జాయేగా" (అయిపోతుందిలే) అన్నాడు. ఒక్కొక్కరిని పంపుదాం, ఒకరు అవతలికి చేరాకే ఇంకొకరు. ఏదన్నా జరిగినా ఒక్కరికే. అసలు భయపడాల్సింది రేపటి పెద్ద వాలుకు, దాని సంగతి రెండో క్యాంపులో చూసుకుందాం.

ఈ వాక్యాలు ఒక్కొక్కటీ వింటే తప్పుగా అనిపించవు. ఒక్కొక్కరినే పంపడం అందరూ నేర్పే పద్ధతే. కానీ అది దాటక తప్పని చోట నష్టాన్ని తగ్గించే ఉపాయం. దాటవచ్చునా అన్న ప్రశ్నకు దాన్ని జవాబుగా వాడుకున్నాను. 'ఏదన్నా జరిగినా ఒక్కరికే' అనుకున్నప్పుడే ఆ ఒక్కరు ఎవరని నన్ను నేను అడగాల్సింది.

చీలిక కింద ఏముందో సరిగా చూడలేదు. వాలు దిగువన మైదానంలా పరుచుకుని ఉంటే జారిన మంచు పలచబడుతుంది. అక్కడున్నది ఇరుకు వాగు. చిన్న చరియ వచ్చినా అంతా ఆ గుంటలో పోగవుతుంది. అంటే నడుముదాకా రావాల్సింది తలదాకా వస్తుంది. వాలు చిన్నదని కొలిచాను కానీ గుంట లోతు చూడలేదు.

జరిగింది

సామాను మోసే ఇద్దరు ముందే దాటి అవతలి గట్టు మీదుగా సాగిపోయారు. తర్వాత టీచరమ్మ దాటింది, ఆమె వెనక ఒక కుర్రాడు. మూడో మనిషి బ్యాంకు ఉద్యోగి. మధ్యలో అడుగుల గుర్తులు తొడదాకా దిగబడి ఉన్నాయి. వాటిని తప్పించుకోవడానికి రెండు మూడు అడుగులు పైకి వేశాడు, మంచులోంచి తల బయటపెట్టిన ఒక చిన్న పొద పక్కకు. పొదల దగ్గర, రాళ్ళ దగ్గర మంచు పలచగా ఉంటుంది, పై పలకకు మందం తక్కువ. మనిషి బరువు అడుగు పొరకు చేరేది అలాంటి చోటే.

గుమ్మని ఒక మోత. చెవికి కాదు, అరికాళ్ళకు తెలిసింది. అతని ఎడమ నుంచి ఒక గీత, పెన్సిలుతో గీసినట్టు, పైకి పరిగెత్తింది. పాతిక మీటర్ల వెడల్పున మంచు ముక్కలై కదిలింది. అతను కూర్చున్నవాడు కూర్చున్నట్టే కిందికి జారిపోయాడు. పదిహేను మీటర్లు పోయి వాగు గుంటలో ఛాతీదాకా కూరుకుని ఆగాడు. మొత్తం ఐదారు సెకన్లు. ముందు దాటిన ఇద్దరి అడుగులు ఆ పలక మీద ఉన్నాయి, అవీ దాంతోపాటే పోయాయి.

తల బయటే ఉంది కాబట్టి బీకన్‌తో వెతికే పని పడలేదు. ముందు పైకి చూశాను. విరిగిన అంచు పైన ఇంకా కొంత మంచు వేలాడుతోంది. దాన్ని కనిపెట్టుకుని చూస్తూ ఉండమని గైడును నిలబెట్టి, నేనూ ఒక కుర్రాడూ దిగాం. మిగతావాళ్ళను అడుగు కదపొద్దన్నాను. పారలు నాలుగు తెచ్చాం. రెండు సామాను బ్యాగుల్లో అవతలి గట్టు దాటి పోయాయి. ఒకటి చిత్తూరు ఆయన బ్యాగులో ఉంది, బయటికి తీయడానికి ఆయన స్లీపింగ్ బ్యాగు, బట్టలు అన్నీ మంచులో పడేయాల్సి వచ్చింది. చేతికి వెంటనే దొరికింది నాదొక్కటే. కుర్రాడు స్టీలు తిండిపళ్ళెంతో తవ్వాడు. జారేటప్పుడు నీళ్ళలా కదిలిన మంచు ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుంటుంది. పళ్ళెం అంచు వంగిపోయింది, మంచు రాలేదు. అతన్ని పూర్తిగా బయటికి లాగేసరికి వాచీలో పదకొండు నిమిషాలు.

మనిషి పూర్తిగా కూరుకుపోతే మొదటి పది నిమిషాల్లో తీయగలిగితే పదిమందిలో తొమ్మిది మంది దాకా బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురు దక్కడమే కష్టం. చాలామంది పోయేది చలికి కాదు, ఊపిరాడక. ఛాతీదాకా ఉన్న మనిషిని, ఎక్కడున్నాడో కనిపిస్తున్న మనిషిని తీయడానికి మాకు పదకొండు నిమిషాలు పట్టింది. ఇంకో రెండడుగులు లోతుకు పోయుంటే ఏమయ్యేదో లెక్క కట్టుకోవడానికి నాకు ఇవాళ్టికీ మనసు రాదు, కానీ కట్టుకోవాలి కాబట్టి రాస్తున్నాను. అతని బీకన్ ఉన్న జేబులోనే వీడియో తీస్తూ ఆపని ఫోను కూడా ఉంది. ఫోను దగ్గరగా ఉంటే బీకన్ సిగ్నల్ చెడుతుంది. పంపేటప్పుడు 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరం ఉంచాలని మిద్దె మీద చెప్పాను. స్లైడులో ఉంది.

తడిబట్టలు మార్చి, స్లీపింగ్ బ్యాగులో చుట్టి, వేడి చక్కెరనీళ్ళు పట్టాం. మోకాలు వాచింది, కానీ కర్ర పట్టుకుని నడవగలిగాడు.

అవతల ఉన్నవాళ్ళను వెనక్కి రప్పించడం తర్వాతి నిర్ణయం. జారిపోయిన చోట మంచు లేదు కదా, అక్కణ్ణించే దాటించమని గైడు అన్నాడు. సగం నిజమే, జారిన మేర మళ్ళీ జారదు. కానీ పైన వేలాడుతున్నది దిగితే వాళ్ళు సరిగ్గా దాని కిందే ఉంటారు. ఈసారి ఆగి కిందికి చూశాను. అవతలి గట్టు అడవిగుండా దిగువకు పోతోంది, వాగు చదునైన చోట చెట్లు దట్టంగా, కొమ్మలు అన్నివైపులా నిండుగా ఉన్నాయి. అంటే మంచు అక్కడిదాకా రాదు. సామాను వాళ్ళను ఈలవేసి వెనక్కి పిలిపించి, టీచరమ్మను, కుర్రాణ్ణి వాళ్ళతో కలిపి అటునుంచి రప్పించాను. అడుగడుగునా ఈలతో పలకరించుకుంటూ గంటన్నర పట్టింది. అందరం మొదటి క్యాంపుకు తిరిగొచ్చాం.

నచ్చజెప్పడం, అది పనిచేయకపోవడం

ఆ రాత్రి నేను అనుకోనిది జరిగింది. భోజనాల దగ్గర రేపటి సంగతి ఎత్తారు. "పడాల్సింది పడిపొయ్యింది గదన్నా, ఇంగ ఆడ ఏముంటాది?" అని ఒకడు. "ఇంత దూరమొచ్చి" అని ఇంకొకరు. మోకాలు వాచినాయన కూడా, "నావల్ల మీరు ఆగొద్దు, నేను క్యాంపులో ఉంటా" అన్నాడు. పెద్దాయన బ్యాగులో కర్పూరం తెచ్చుకున్నాడు, మేము చేరాలనుకున్న కొండగట్టు మీద వెలిగిస్తానని ఇంట్లో చెప్పి వచ్చాడు. ఆయన మెల్లగా అన్న మాట: "సగం మెట్లెక్కి దిగొచ్చినట్టుంటాది నాయనా."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. తిరుపతిలో పెరిగినవాళ్ళకు కొండంటే మొక్కు. గాలిగోపురం దాకా పోయి, కాళ్ళు నొస్తున్నాయని దిగొచ్చినవాణ్ణి నేను చూడలేదు. ఎంత ఆలస్యమైనా, కూర్చుని కూర్చుని అయినా పైకి చేరతారు. వెనక్కి తిరగడమన్నది మనకు కొండ నేర్పలేదు. ఇంకా, మన మెట్లమీద కష్టం వస్తే శరీరమే చెబుతుంది. ఆయాసం, పిక్కలు పట్టేయడం, కళ్ళు తిరగడం. ఒంట్లో బాగుంటే అంతా బాగున్నట్టే. మంచు వాలు మీద ఒళ్ళు ఏమీ చెప్పదు. ఆ వాగు చీలిక మొత్తం ప్రయాణంలో నడకకు అన్నింటికంటే సులువైన చోటు.

నేను వాదించాను. వాలు కోణాలు, పొరలు, ఎవరో చేసిన పరిశోధన. అమెరికాలో 1972 నుంచి 2003 దాకా జరిగిన 715 ప్రమాదాలను ఇయాన్ మెకామన్ పరిశీలించాడు. ప్రమాదపు గుర్తులు ఎదుటే ఉన్నా ముందెవరో నడిచిన జాడలు, తెలిసిన చోటన్న ధీమా, పట్టుకున్న పని వదలకూడదన్న పంతం మనుషుల్ని ఎలా ముందుకు తోస్తాయో చూపాడు. అదంతా చెప్పాను. చెబుతున్నకొద్దీ నా గొంతు పెరిగింది. వాళ్ళు మాట్లాడటం మానేశారు. ఆ నిశ్శబ్దాన్ని ఒప్పుకోలు అనుకోవడానికి వీల్లేదు. పొద్దున తప్పు నిర్ణయం తీసుకున్నవాడే రాత్రి పాఠం చెబుతుంటే ఎవరికి ఎక్కుతుంది?

పనిచేసినవి

మరునాడు పొద్దున్నే క్యాంపు పక్కనే ఒక చోటు ఎంచాను. ఈశాన్యం చూసేదే, కానీ పాతిక డిగ్రీల లోపు వాలు, పైన ఏ నిట్టవాలుకూ తగలనిది, చెట్ల అంచున ఉన్నది. గుంత తవ్వేచోటే ప్రమాదం కాకూడదు కదా. అందరి చేతా వంతులవారీగా నేలదాకా తవ్వించాను. 95 సెంటీమీటర్లు. ఎగువ గోడను పారతో నున్నగా చెక్కాను.

గోడలో పొరలు కళ్ళకే తెలుస్తున్నాయి. టీచరమ్మను వేలు గుచ్చమన్నాను. పైన పిడికిలి సులువుగా దిగింది. ఇంకొంచెం కింద గాలి తెచ్చి పరిచిన పలక, ఒక్క వేలు కష్టపడి దిగింది. అడుగుకు వచ్చేసరికి చెయ్యి మణికట్టుదాకా పోయింది, లోపల్నుంచి మంచు గలగలమని రాలింది. ఆమె గ్లవ్ తీసి పిడికెడు తీసుకుంది. ఉండ చేయబోతే వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. బొంబాయి రవ్వ కంటే పెద్ద పలుకులు, ఎండలో గాజులా మెరుస్తున్నాయి. "ఇది కట్టుకోదు" అంది. నేను స్లైడుల మీద రెండు గంటల్లో చెప్పలేనిది ఆ రెండు మాటల్లో ఉంది.

తర్వాత 30 సెంటీమీటర్ల చదరపు స్తంభం ఒకటి కోసి, పైన పార పెట్టి తట్టాను. పద్ధతి ఏమిటంటే మణికట్టుతో పది దెబ్బలు, మోచేతితో పది, భుజం నుంచి పది. ఎన్నో దెబ్బకు విరిగిందో లెక్కపెట్టమని కుర్రాళ్ళకు చెప్పాను. పన్నెండో దెబ్బకు, అంటే మోచేతితో రెండోదానికి, పై ముక్క మొత్తం గుంతలోకి జారి పడింది. తెగిన చోటు కత్తితో కోసినట్టు నున్నగా ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక గుంత మొత్తం కొండ సంగతి చెప్పదు, పది మీటర్ల అవతల వేరేలా ఉండొచ్చు. అందుకే గుంత వద్దంటే వినాలి, గుంత బాగుందని మాత్రం ముందుకు పోకూడదు. ఇది కూడా అక్కడే చెప్పాను.

ఆ తర్వాత చేసింది పుస్తకాల్లో చదివి చేసింది కాదు, అప్పటికప్పుడు తోచింది. ఎదురెదురుగా అడిగితే రాత్రి లాగే అవుతుందని, అందరికీ తలా ఒక కాగితం ముక్క ఇచ్చాను. పేరు రాయొద్దు, గట్టుకు పోదామా, అడవి దారిన పోదామా, దిగిపోదామా, ఒక్క మాట రాసి మడిచి నా టోపీలో వేయమన్నాను. ఎనిమిది చీటీల్లో గట్టుకు పోదామన్నది ఒక్కటే. ఐదు అడవి దారి. రెండు దిగిపోదాం.

రాత్రి అంతమంది పోదామన్నట్టు వినిపించిందే! తర్వాత ఒక్కొక్కరితో మాట్లాడితే తెలిసింది. ఒకరి సరదా మనమెందుకు చెడగొట్టాలని ప్రతి ఒక్కరూ నోరు మూసుకున్నారు. చిత్తూరు దంపతుల్లో ఆమెకు వాగు దగ్గరే కాళ్ళు వణికాయట, భర్త ఏమనుకుంటాడోనని చెప్పలేదు. ఆయనకూ అంతే, ఆమె ముందు పిరికివాడిలా కనపడకూడదని. పెద్దాయన తనంతట తానే చెప్పాడు: "దిగిపోదామని రాసింది నేనే నాయనా. రాత్రి ఆ మాట నోరుజారినా. పిల్లకాయలు పోవాలని ఆశపడతా ఉంటే నేను అడ్డమెందుకు అని." మొక్కే అడ్డమని నేను అనుకున్నాను. ఆయన మొక్కు వదులుకోవడానికి రాత్రే సిద్ధంగా ఉన్నాడు. ఆయన్ని అడిగినవాళ్ళు లేరు.

అడవి దారి అంటే దేవదారు, బురాన్స్ చెట్ల మధ్య వెన్ను మీదుగా పోయేది. ఎక్కడా పాతిక డిగ్రీలు దాటలేదు, అనుమానం వచ్చిన ప్రతిచోటా కర్రను వాలు మీద పడుకోబెట్టి దానిమీద ఫోను పెట్టి కొలిచాం. ఈసారి కొలిచింది కుర్రాళ్ళే. ఐదు గంటలు పట్టింది. అనుకున్న గట్టు రాలేదు, దానికి వెయ్యడుగుల కింద ఒక కొండ భుజం మీదికి చేరాం. శిఖరాలు అక్కణ్ణించీ కనిపించాయి. వంగిపోయిన ఆ స్టీలు పళ్ళెంలోనే పెద్దాయన కర్పూరం వెలిగించాడు. గాలికి ఆరిపోతుంటే టీచరమ్మ, కుర్రాళ్ళు చేతులు అడ్డుపెట్టారు. బ్యాంకు ఉద్యోగి గైడుతో క్యాంపులో ఉండిపోయాడు.

ఆ తర్వాత మార్చుకున్నవి

గఢ్వాల్‌లో ఇంక ఏ నిర్ణయమూ వాలు ముందు నిలబడి తీసుకోను. ముందురోజు సాయంత్రం, టెంటులో, ఎండ లేనప్పుడు తీసుకుంటాం. 24 గంటల్లో 30 సెంటీమీటర్లు పడినా, తాజా చరియ ఒక్కటి కనిపించినా, గుమ్మన్నా, 30 డిగ్రీలు దాటిన చెట్టులేని వాలుల మీదికి, వాటి కిందికి పోము. పొద్దున ఆకాశం ఎలా ఉన్నా ఆ మాట మారదు. చీటీలు ప్రతి రాత్రీ ఉంటాయి. 'దిగిపోదాం' అన్న చీటీ ఒక్కటి వచ్చినా ఎవరు రాశారని అడగం, దిగిపోతాం. ఒక్క చీటీకి అంత బలమా అని కొందరు అడిగారు. పెద్దాయన రాసింది గుర్తున్నంతకాలం ఉంటుంది.

పారా, ప్రోబూ ఎవరివి వాళ్ళ బ్యాగులోనే, పై జేబులోనే. టికెట్లకు, ప్రయాణానికి మధ్య రెండు రోజులు ఖాళీ ఉంచుతాను. డబ్బు ఎక్కువైతే బృందంలో ఒకరిద్దరు తగ్గుతారు. తగ్గనీ.

క్లాసు మిద్దె మీదే, కానీ స్లైడులు తీసేశాను. వచ్చినవాళ్ళను ముందుగా మా ఇంటి మెట్ల పిట్టగోడ మీద ఫోను పెట్టి వాలు కొలవమంటాను. ఇళ్ళ మెట్లు మామూలుగా 30 నుంచి 37 డిగ్రీలు ఉంటాయి. మంచు పలకలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య. రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని ఎక్కిదిగే మెట్లంత వాలు చాలునంటే వాళ్ళ ముఖాలు మారతాయి. ఇంకా, చరియ అనగానే తల పైకెత్తేవాళ్ళను కిందికి, తమ కాళ్ళవైపు చూడమంటాను.

జనవరిలో నాలుగు ఆదివారాలు స్వర్ణముఖి ఇసుకలో సాధన. ఇసుక మంచు కాదు, తవ్వకం వేరు, కానీ బీకన్‌కు ఆ తేడా లేదు. ఒక సంచిలో బీకన్ పెట్టి రెండడుగుల లోతున పాతి, పైన ఇసుక చదును చేసి, పాతినచోటు చూడనివాళ్ళను పిలుస్తాం. మొదటి ఆదివారం అందరూ పరిగెత్తుతారు, ఒకరి మీద ఒకరు అరుస్తారు, పద్నాలుగు, పదిహేను నిమిషాలు పడుతుంది. నాలుగో వారానికి ఒకరు నడిపిస్తే మిగతావాళ్ళు వింటారు.

మొన్న జనవరిలో బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. మోకాలికి పట్టీ ఉంది, ట్రెక్కుకు రావడం లేదు, వాచీ పట్టుకుంటానన్నాడు. కొత్త బృందం సంచిని నాలుగు నిమిషాల నలభై సెకన్లలో పైకి తీసింది. వాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. అతను వాచీ చూసుకుని, ఇసుకలో మోకాలు జాపుకుని కూర్చుని, ఇంకో అడుగు లోతున పాతి మళ్ళీ మొదలుపెట్టమన్నాడు.